ఆయాసం ఎప్పటినుంచి?

బెర్గెన్‌లో ఎండ కాస్తే ఇంట్లో కూర్చోవడం పాపం. ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే ఊరు మరి! సూర్యుడు తొంగిచూస్తే చాలు, అంట్లు తొట్టిలోనే వదిలేసి జనం బయటపడతారు. ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి, పుడకలతో గానీ పోదు.

ఆ జూలైలో ముప్ఫై రెండు డిగ్రీలు కాసింది; ఆ చలి ఊరికి అది నిప్పులు చెరగడమే. పక్కింటి ఓడ్‌బ్యోర్గ్ కిటికీ దబదబా బాదింది.

"ఏమే గున్వోర్, ఇంత ఎండ పెట్టుకుని లోపలేం చేస్తున్నావే? గుడ్లు పొదుగుతున్నావా?"

గున్వోర్‌కు వెళ్లాలనీ లేదు, మానాలనీ లేదు. మార్చిలో భర్త ఆర్న్ట్ పోయినప్పటినుంచి ఆమెకు అన్నీ అంతే. ఏడుపైనా రాలేదు. ఆయన పెంచిన బుల్‌డాగ్ లూర్వెన్‌ను పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఓడ్‌బ్యోర్గ్ వెంట రేవుగట్టు మీద బల్ల దాకా నడిచింది. కుక్కను పక్కనే కట్టి నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.

లూర్వెన్‌ది చప్పిడిముక్కు. కాలుతున్న బండమీద నాలుక వేలాడేసి రొప్పుతున్నాడు.

"చూడవే, ఎలా నవ్వుతున్నాడో వెధవ!" అంది ఓడ్‌బ్యోర్గ్ మురిసిపోతూ. నవ్వట, నా మొహం! గున్వోర్ తల తిప్పనైనా లేదు.

గంట గడిచింది. లూర్వెన్ లేచి రెండడుగులు తూలి, కూలబడ్డాడు. నోట్లోంచి జిగురుగా చొంగ, చిగుళ్లు ఇటుకరంగు. ఓడ్‌బ్యోర్గ్ గాభరాగా పశువుల డాక్టరుకు ఫోను చేసింది. గున్వోర్ చెయ్యి ఓడ్‌బ్యోర్గ్ తెచ్చుకున్న కూల్‌డ్రింకుల పెట్టెలోని మంచుముక్కల మీదికి పోయింది.

"మంచు వద్దట! నీడకు లాగు! మామూలు నీళ్లే ఒళ్లంతా, పొట్ట కిందా పొయ్యమంటున్నాడు. గాలి తగలాలట. చల్లబరిచి తీసుకురమ్మన్నాడు!"

గున్వోర్ పోసింది. చేతులు ఎవరివో అన్నట్టు వాటి పని అవి చేసుకుపోయాయి. ఓడ్‌బ్యోర్గ్ టోపీతో విసురుతూ ఏడుస్తోంది.

కుర్ర డాక్టరు సెలైన్ ఎక్కిస్తూ అడిగాడు. "ఆయాసం ఎప్పటినుంచమ్మా?"

గున్వోర్ నోరు తెరిచింది. గంటసేపు పక్కనే ఉంది. "తెలీదు," అంది.

మార్చిలో అంబులెన్సువాళ్లూ అదే అడిగారు. ఆర్న్ట్ పక్క కుర్చీలోనే ఉన్నాడు, ఆమె మేజోడు అల్లుతోంది. అప్పుడూ తెలీదనే చెప్పింది.

రాత్రంతా ఉంచుకుని, మర్నాడు పొద్దున్నే లూర్వెన్‌ను ఇంటికి పంపించాడు డాక్టరు. "గండం గడిచినట్టే, కానీ ఇవాళంతా కనిపెట్టి ఉండాలి. పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి ముప్ఫై దాటితే వెంటనే ఫోన్ చెయ్యండి. ఇకమీద షికారు పొద్దున్నా సాయంత్రమే."

మళ్లీ ఎండ. మళ్లీ ఓడ్‌బ్యోర్గ్.

"కాసేపు వచ్చిపోవే. వాడు పడుకున్నాడుగా."

"రాను."

"ఇంత ఎండలో లోపలా? పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టిందనుకో."

అరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఎండకు తెరలు దించింది. స్నానాలగది చల్లటి నేలమీద, లూర్వెన్ పక్కన, గడియారం పట్టుకుని పడుకుంది. వాడి పక్కటెముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. లెక్క తప్పితే మళ్లీ మొదలుపెట్టింది.

నాలుగింటికి డాక్టరు ఫోను చేశాడు. "ఎలా ఉన్నాడమ్మా?"

"పదకొండింటికి ముప్ఫై. పన్నెండున్నరకి ఇరవై ఎనిమిది. రెండింటికి నీళ్లు తాగాడు, నాలుగు గుక్కలు. ఇప్పుడు ఇరవై రెండు."

"భేష్! ఇంక చాలమ్మా, భయం లేదు."

ఆమె ఫోను పెట్టెయ్యలేదు.

"ఇంకేమైనా అడగండి," అంది. "చెప్తాను."