శివారు దాటని సాలీడు

ఉదయం ఆరుంబావుకు యజ్ఞనారాయణ గాజుసీసా మూత బిగించి, పైన గుడ్డతో తుడిచి, లోపలి సాలీడు కళ్లు లెక్కపెట్టాడు. కింద నాలుగు చిన్నవి, మధ్యలో రెండు పెద్దవి, పైన మరో రెండు. గూడు అల్లదు, నేలమీద పరుగెత్తి వేటాడుతుంది, పిల్లల్ని వీపున మోస్తుంది. తోడేలు సాలీడే. ఏ జాతిదో, ఏయే చోట్ల ఉంటుందో తేలాలి.

ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఆ 1972 ఎండాకాలంలో రాయదుర్గం గుట్టలకు రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ బస్సు నగరం చేరేలోగా సీసా ఖాళీ అయింది, మూత కదలకుండానే. మళ్లీ వచ్చి చూస్తే, ఎడమ ముందుకాలు లేని ఆ సాలీడే, మొదట దొరికిన రాయి కింద ఉంది.

మంచినీళ్లిచ్చిన ఆ ఊరి రైతు కిష్టమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు.

"అది ఊరి శివారు దాటదు సారూ. నువ్వు మూత ఎంత బిగించినా గంతే."

"ఎప్పట్నుంచండీ?"

"మా అత్త ఉన్నప్పటి సంది. అంతకు ముందు సంగతి నేనెట్ల చెప్త?"

ఆరోజు ఆమె మనసు సాలీడు మీద లేదు. చేను కొలవడానికి రెవెన్యూ గిర్దావర్ వస్తున్నాడు. ఆమె పట్టా రాయదుర్గానిది. రెండూళ్ల మధ్య హద్దురాయి మాత్రం చేనుకు ఇవతలే ఉంది. చేను పక్కూరు గచ్చిబౌలి శివారులో పడిందంటే, అక్కడ పట్టా ఉన్న పక్క రైతు వీరేశానికి పోతుంది. రాయి జరిపారని ఆమె ఏడాదిగా మొత్తుకుంటోంది. సాక్ష్యం లేదు.

గిర్దావర్ ఐలయ్య రాగానే తన మాట చెప్పింది. సారు సీసా పట్టుకుని నడుస్తాడు, పురుగు ఎక్కడ మాయమైతే అక్కడ హద్దు. కొలత గొలుసు పట్టే మనిషి ఎలాగూ రాలేదని ఐలయ్య ఒప్పుకున్నాడు.

యజ్ఞనారాయణ సీసాను కళ్లెదుట పట్టుకుని నడిచాడు. హద్దురాయి దాటాడు. సాలీడు ఉంది. చేను సగం దాటాడు. ఉంది. కిష్టమ్మ వెనకే వస్తోంది. అవతలి గట్టున, తంగేడు పొద దగ్గర, ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య సీసా ఖాళీ అయింది. పిల్లలతో సహా.

అక్కడ తవ్వించారు. మూరెడు లోతున విరిగిన రాతి మొదలు కనపడింది. ఇవతలి రాయి తెచ్చి పెడితే అతికినట్టు కూర్చుంది. పశువులు రాసుకుంటే జరిగిందేమో అన్నాడు, కొలత చూడవచ్చిన వీరేశం.

"పురుగే శివారు దాటకపాయె. రాయెట్ల దాటింది వీరేశం?" అన్నాడు ఐలయ్య.

వీరేశం తలపాగా సర్దుకున్నాడు. ఐలయ్య చేను కిష్టమ్మదని కాగితం మీద రాశాడు. ఆమె గట్టుమీద కూలబడి, చెంబులో సారు మిగిల్చిన నీళ్లు తానే తాగేసింది.

సాలీడును పంపే వీల్లేక యజ్ఞనారాయణ దాని బొమ్మ గీసి కలకత్తాలోని నిపుణుడికి పంపాడు. పదకొండు రోజులకు జవాబొచ్చింది. కొత్త జాతి కాదట. దక్కను రాతినేలల్లో ఎక్కడ చూసినా ఉండేదేనట.