ఎంగిలి మెమరీ

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య, ఒక మేడమీద గోపీనాథ్ గారి కంపెనీ ఉంది. రక్తపరీక్షల ల్యాబులకు రిపోర్టు యంత్రాలు తయారుచేస్తారు. ఆ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నెల్. దాని పని చూసేది భానుశ్రీ ఒక్కతే.

ఆ మధ్యాహ్నం ఉయ్యూరు ల్యాబుకు వెళ్లాల్సిన యంత్రాలు వ్యానుకెక్కుతున్నాయి. భానుశ్రీ మాత్రం తెరమీంచి కళ్లు తిప్పలేదు. "కార్డు రీడర్ పనిచేస్తోందా?" అని కెర్నెల్‌ను అడిగే చిన్న ప్రోగ్రాం నడుపుతోంది. అవుననో కాదనో జవాబు రావాలి, అంతే. కానీ జవాబు చివర ఎవరో పేషెంటు పేరులో సగం ముక్క వేలాడుతోంది. ఆ ప్రోగ్రాంకు ఆ పేరు చూసే హక్కే లేదు.

ఆమె గబగబా కిందికి దిగి వ్యాను ఆపించింది.

గోపీనాథ్ గారు చిరాకుపడ్డారు. "ఏంటమ్మా భానూ, ల్యాబు వాళ్లు పొద్దుట్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు. నాలుగు పిచ్చి అక్షరాలకా ఇదంతా?"

"ఒక్కసారి పైకి రండి సార్. మీరు లాగినవ్వండి, నేను అటు తిరుగుతా."

ఆయన లాగినయ్యారు. ఆమె ప్రోగ్రాంను మళ్లీ మళ్లీ నడిపింది. కాసేపటికి జవాబు తోకలో 'పెసరట్టు' అని తేలింది.

గోపీనాథ్ గారి ముఖం మాడిపోయింది. "అది నా పాస్‌వర్డ్! ఎట్టా వచ్చింది?"

"జవాబు పంపడానికి కెర్నెల్ కొంత మెమరీ తీసుకుంటోంది సార్. అందులో వేరే పనులు వదిలేసిన పాతది తుడవట్లేదు. ఎంగిలి కంచం కడక్కుండా వడ్డించినట్టు."

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, సరుకు దించేయమని కేకేశారు.

సరిచేయడం తేలికే అనుకుంది భానుశ్రీ. జవాబులో ఒక్కో వివరానికి ఒక్కో గడి ఉంటుంది; ఆ గడులన్నిటినీ ముందుగా సున్నాలతో నింపింది. నడిపి చూస్తే అక్షరాలు తగ్గాయి గానీ పోలేదు. ఏడుపొచ్చినంత పనైంది. గోపీనాథ్ గారు టీ తెప్పించి పక్కనే కూర్చున్నారు. తొందరపెట్టలేదు.

ఆమె ఆ గడులను కాగితం మీద బొమ్మగా వేసుకుంది. అప్పుడు కనబడింది. గడికీ గడికీ మధ్య, కొలత సరిపోవడానికి, కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వదిలే సన్నని ఖాళీలు. వాటికి పేరు లేదు, కాబట్టి వాటిని ఎవరూ తుడవలేదు. ఈసారి గడులతో పని పెట్టుకోకుండా ఆ మెమరీ మొత్తాన్నీ ఒకేసారి తుడిచేసింది. ఒక్క లైను.

సున్నాలు. మళ్లీ నడిపింది, సున్నాలే. ఆయన ఎన్నిసార్లు లాగినయినా సున్నాలే.

"సున్నాలు చూసి సంతోషించడం నా జన్మలో ఇదే మొదలమ్మా," అన్నారు గోపీనాథ్ గారు. భానుశ్రీ పడీపడీ నవ్వింది.

కెర్నెల్‌లో కార్డు రీడర్‌ను నడిపే ఆ కోడు, అంటే 'డ్రైవర్', వాళ్లొక్కరిదే కాదు, ఎందరో వాడుకునేది. సవరణ అందరికీ చేరేలోపు లోపం బయటపడకూడదని, దాన్ని చూసుకునే పెద్దలకు గుట్టుగా మెయిల్ రాసి, ఆ లైను పంపింది. మర్నాడు జవాబొచ్చింది: సవరణ సరిగ్గా ఉంది, తీసుకుంటున్నాం, కృతజ్ఞతలు. ఆ సాయంత్రానికి, అంతకుముందు ల్యాబులకు వెళ్లిన యంత్రాలకు కూడా అప్‌డేట్ చేరింది. ఉయ్యూరు వ్యాను కదిలింది.

భానుశ్రీ ఇంటికి బస్సెక్కింది. దిగాల్సింది పోరంకిలో. కళ్లు తెరిచేసరికి కంకిపాడు.

"ఎక్కడున్నావే?" ఫోన్లో అమ్మ నాగమల్లేశ్వరి.

"కంకిపాడులో అమ్మా. నిద్రపట్టేసింది."

"బస్సులోనా? ఎప్పుడూ కునుకైనా పట్టని నీకా?"

"హాయిగా పట్టేసిందమ్మా," అంటూ దిగి, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటింది.