నత్తకి తొందర లేదు

బడిలో అందరూ ఆవిడని పుస్తకాల మేడమ్ అంటారు. లైబ్రేరియన్ అనే మాట ఒకటో తరగతి పిల్లలకి నోరు తిరగదు కాబట్టి ఆ పేరు పెట్టింది వాళ్ళే, తర్వాత పెద్దవాళ్ళకీ అలవాటైపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, పిల్లల ముందు కూర్చుని కథ పైకి చదవడం. అదేమంత పనీ, ఎవరైనా చదువుతారు అనుకునేవాళ్ళు ఆరేళ్ళ పిల్లలు పదహారుమంది ముందు పది నిమిషాలు కూర్చుని చూడండి. కూర్చుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఆవిడకో నియమం ఉంది. చదివేటప్పుడు తన కుర్చీ పక్కన ఒక పొట్టి స్టూలు వేస్తుంది. రోజుకొకరు, వంతుల ప్రకారం, ఆ స్టూలు మీద కూర్చుని పేజీ తిప్పాలి. వాళ్ళు తిప్పేదాకా ఆవిడ ముందుకి వెళ్ళదు. బొమ్మలో ఉన్న చీమల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా, ముక్కులో వేలు పెట్టుకుని లోకాన్ని మరిచిపోయినా సరే, నోరు మూసుకుని ఆగుతుంది. తొందరపెట్టదు, వంతు తప్పించదు. కథలంటే చెవి కోసుకునే పిల్లలకి కూడా ఆ స్టూలు తర్వాతే కథ.

ఆ వానాకాలం బడి పైకప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇంజనీరొకాయన వచ్చి, కర్రతో నాలుగుచోట్ల పొడిచి చూసి, మరమ్మతు అయ్యేదాకా లోపల ఎవరూ అడుగు పెట్టొద్దన్నాడు. పెద్ద తరగతులకి పక్క వీధిలో ఒక హాలు దొరికింది. చిన్నపిల్లలకి ఇంట్లో ఫోనే బడి. అందులో పొద్దున పది నుంచి పదిన్నర దాకా పుస్తకాల మేడమ్ కథ.

మేడమ్ గారి భర్త దర్జీ. ఇంట్లో ముందుగదే ఆయన దుకాణం, ఇప్పుడదే ఆవిడ లైబ్రరీ కూడా అయింది. దారపు రీళ్ళ డబ్బాకి ఫోన్ ఆనించి, వెనక్కి పడకుండా ఇస్త్రీ పెట్టె అడ్డం పెట్టేవారు. ఆ అరగంటా మిషన్ తొక్కకూడదని కట్టడి. ఆయన కిమ్మనకుండా ఒక మూల కూర్చుని కాజాలు కుడుతూ కథ వినేవాడు. నవ్వొస్తే తాను కుడుతున్న చొక్కాతోనే నోరు మూసుకునేవాడు. కుట్టడానికిచ్చినవాళ్ళు ఏమంటారో అని మేడమ్ కళ్ళెర్రజేసేది.

ఫోన్‌లో స్టూలు వేయలేం కదా. అందుకని వంతు వచ్చినవాళ్ళు "తిప్పండి" అనాలి, అప్పుడు మేడమ్ తిప్పుతుంది. ఈ ఏర్పాటు అందరికీ కుదిరింది, ఒక్క మంచం కింది పిల్లకి తప్ప.

అది మేడమ్ తన మనసులో పెట్టుకున్న పేరు. ఆ పాప ఎప్పుడు చూసినా మంచం కిందే ఉండేది. ఫోన్ తెర మీద బొటనవేలి గోరంత గడిలో రెండు మంచం కోళ్ళు, ఒక చాప అంచు, రెండు పెద్ద కళ్ళు. వాళ్ళ నాన్న సెలూన్‌లో పనిచేస్తాడు. ఆ పిల్ల స్టూలెక్కే వంతు సోమవారమనగా శనివారం బడికి తాళం పడింది. అందుకే ఫోన్‌లో మొదటి వంతు తనకే ఇచ్చింది మేడమ్. ఒక నిమిషం ఆగింది, రెండు ఆగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడో నిమిషానికి మిగతా పదిహేనుమంది ఇల్లు పీకి పందిరేశారు. మేడమ్ తనే పేజీ తిప్పేసింది. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి. వంతులన్నీ ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వచ్చినప్పుడూ అంతే. ఆ రోజు మేడమ్‌కి అన్నం సయించలేదు.

ఇదిలా ఉండగా అసలు గొడవ కాగితాలతో వచ్చింది. పుస్తకంలో అక్షరాలు ఫోన్‌లో పిల్లలకి ఆనవని, ఆవిడ ఒక్కో పేజీలో ఒక్కో వాక్యాన్ని పెద్ద కాగితం మీద లావుగా రాసి చూపించేది. ఒకరోజు కథ అయ్యాక కళ్ళజోడు సర్దుకుని, ఫోన్‌లో తను కనిపిస్తున్న గడి వైపు మొదటిసారి పరీక్షగా చూసింది. చేతిలో కాగితం సరిగ్గానే ఉంది. ఫోన్‌లో అక్షరాలు మాత్రం ఎడమవి కుడికి, కుడివి ఎడమకి తిరిగిపోయి ఉన్నాయి.

"ఏమండీ, కొంప మునిగింది! ఇన్నాళ్ళూ పిల్లలకి అక్షరాలు తిరగేసి చూపిస్తున్నాను. పాపం, ఒక్కళ్ళూ ఏమీ అనలేదు చూడండి."

దర్జీగారు వచ్చి, వంగి చూసి, పెద్ద డాక్టరు లెవెల్లో తలాడించాడు.

"దీనికింత కంగారెందుకు? నేను జాకెట్టు ఎలా కుడతాను? గుడ్డ తిరగేసి కుడతాను. కుట్టాక బయటికి లాగితే సరిగ్గా వస్తుంది. నువ్వూ తిరగేసి రాసెయ్. అటుపక్కకి సరిగ్గా వెళ్తుంది."

ఆవిడకి అది వేదవాక్కులా వినిపించింది. ఫోన్ ఎవరి ముఖం వాళ్ళకి అద్దంలోలా చూపిస్తుందనీ, అవతలివాళ్ళకి మొదటినుంచీ అన్నీ తిన్నగానే కనిపిస్తున్నాయనీ ఆ ఇద్దరికీ చెప్పే నాథుడు లేడు. ఆ రోజు నుంచి సాయంత్రాలు ముందుగది కిటికీ దగ్గర మొగుడూ పెళ్ళాలు ఒకటే పని. మామూలుగా రాసిన కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి అంటించేవారు. వెలుతురుకి ఇవతలికి కనబడే గీతల మీద ఆయన సుద్దముక్కతో గుర్తు పెడితే, ఆవిడ స్కెచ్ పెన్నుతో దిద్దేది. ఒక్క వత్తు పక్కకి జరిగినా ఆయన ఒప్పుకునేవాడు కాదు. కొలత తప్పితే చంక దగ్గర పట్టేస్తుందోయ్ అనేవాడు. మర్నాడు ఫోన్‌లో తన గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు చూసుకుని మేడమ్ మురిసిపోయింది.

ఆ మురిపెం మూడు రోజులే.

నాలుగో రోజు కాగితం పైకెత్తగానే ఇద్దరు పిల్లలు అటు తిరిగి కూర్చున్నారు. మర్నాటికి ఏడుగురు. ఆ మర్నాడు అందరూ. కథ వింటున్నప్పుడు బుద్ధిగా ఇటే చూస్తారు, కాగితం ఎత్తితే చాలు, ఎవరో అదిలించినట్టు వీపులు పెడతారు. రెండు జడలు, నూనె రాసిన తలలు, ఒక బనీను చిరుగు. మొదటిరోజు తిరిగిన ఇద్దరిలో మంచం కింది పిల్ల ఒకతి. మంచం కోళ్ళ మధ్య చిన్న జుట్టు ముడి కనిపించింది. మేడమ్‌కి అన్నిటికన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

"నా కథ అంత విసుగొచ్చిందంటారా?" అని భర్తని అడిగింది.

ఆయన సూదికి దారం ఎక్కించాడు. "నాకైతే బానే ఉంది మరి" అన్నాడు. ఆ మాట ఆవిడకి ఏమాత్రం ఓదార్పు కాలేదు.

పుండు మీద కారం చల్లినట్టు ఆ సాయంత్రమే పెద్ద మేడమ్ ఫోన్ చేసింది. పెద్ద మేడమ్ అంటే హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ముక్కుకి సూటిగా పోయే మనిషి.

"ఉన్నమాట చెప్తానమ్మా. ఆ అరగంట తనకిచ్చెయ్యమని లెక్కల మాస్టారు అడుగుతున్నారు. కథలు ఇంట్లోవాళ్ళయినా చెప్పుకుంటారు కదా. గురువారం నేనూ చేరి చూస్తాను, చూశాకే ఏ సంగతన్నదీ తేలుస్తాను. మీ మంచికే చెప్తున్నా, ఆ రోజు గడగడా మాట్లాడేవాణ్ణి ఎవణ్ణయినా పెట్టుకోండి."

మేడమ్ వంతుల కాగితం తీసి చూసింది. గురువారం మంచం కింది పిల్లది.

"మార్చేస్తే పోలా? ఆ ప్రశ్నల పుట్ట గాడున్నాడుగా, వాడైతే నోరు మూయమన్నా మూయడు" అన్నాడు దర్జీ.

"రెండుసార్లు తప్పించానండీ ఆ పిల్లని. మూడోసారి కూడా తప్పిస్తే ఇంక అది నా దగ్గర ఎప్పటికీ పేజీ తిప్పదు."

"మరి అరగంట పోతే?"

మేడమ్ వంతుల కాగితం మడిచి, పుస్తకంలో పెట్టేసింది. ఆ అరగంట పోతే తనకి ఇంక మిగిలేది బీరువాలు, వాటి తాళాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గురువారం పది గంటలకి పదహారు గడులకి తోడు పదిహేడో గడి వచ్చింది. అందులో పెద్ద మేడమ్ బల్ల ముందు కూర్చుని, చేతులు కట్టుకుని ఉంది. కథ, గొడుగు పోగొట్టుకున్న నత్తది. నత్త గొడుగు వెతుక్కుంటూ బయల్దేరిన పేజీ చదివింది, దారిలో కప్ప పరాచికాలాడిన పేజీ చదివింది. వంతు పిల్లని పేరుపెట్టి పిలిచి, "ఇవాళ నువ్వు చెప్తేనే పేజీ తిప్పుతాను తల్లీ. నాకేం తొందర లేదు" అంది. ఇవాళ్టి మొదటి కాగితం పైకెత్తింది.

పదహారు వీపులు ఒక్కసారి ఇటు తిరిగాయి.

"ఒక్క నిమిషం" అంది పెద్ద మేడమ్. "పిల్లలేంటి, అందరూ అటు తిరిగారు? అసలు ఆ కాగితం మీద ఏం రాశారు? అక్షరాలు తిరగబడి ఉన్నాయేంటమ్మా?"

"తిరగబడ్డాయా? నాకు సరిగ్గానే..." అంటూ ఉండగానే ఆవిడకి అంతా అర్థమైపోయింది. మూలలో దర్జీగారికి సూది వేల్లో గుచ్చుకుంది. నాకు సరిగ్గా ఉంటే వాళ్ళకి తిరగబడి ఉంటుంది. అంటే మొదట్లో తిన్నగా రాసినవన్నీ వాళ్ళకి తిన్నగానే కనిపించాయి. కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళు పీక్కుపోయేలా దిద్ది దిద్ది వాటిని చెడగొట్టింది తనే. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"పొరపాటు నాదే మేడమ్" అంది. "ఫోన్‌లో నాకు అలా కనిపిస్తే, పిల్లలకీ అలాగే కనిపిస్తుందేమో అనుకుని వారం నుంచి తిరగేసి రాస్తున్నాను. పిల్లలు చదవలేకే అటు తిరిగినట్టున్నారు. వాళ్ళ తప్పేం లేదు."

పెద్ద మేడమ్ ఏదో అనబోయింది. అంతలో ప్రశ్నల పుట్ట అందుకున్నాడు.

"మేడమ్, పెద్ద మేడమ్‌కి అద్దం లేదా?"

"అద్దమేంట్రా?"

"కథప్పుడు అద్దం తెచ్చుకోవాలి కదా! సెలూన్ అంకుల్ మా అమ్మావాళ్ళ గ్రూపులో పెట్టారు. మేడమ్ కొత్త ఆట పెట్టారు, అటు తిరిగి అద్దంలో చూస్తే చదవొచ్చు, మా పాప కనిపెట్టింది అని. మేడమ్, నాది పౌడరు డబ్బా అద్దం. చూడండి!"

వీపుల అవతల నుంచి ఒక్కొక్కటే పైకి లేచాయి. గుండ్రటివి, పలకలవి, మూల పగిలినవి, స్కూటర్ నుంచి ఊడిపోయినది ఒకటి. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తనకి వీపు పెట్టారనుకున్న పిల్లలు తన అక్షరాల కోసమే అటు తిరిగారు. ఊరికే విని ఊరుకోకుండా కూడబలుక్కుని చదువుకున్నారు. ఒక్కొక్కరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దాడాలనిపించింది ఆవిడకి.

మంచం కింద మాత్రం అన్నిటికన్నా పెద్ద అద్దం ఉంది. సెలూన్‌లో క్రాఫు అయ్యాక వెనకజుట్టు చూపిస్తారే, ఆ పిడి ఉన్న అద్దం. వెనకున్నది చూడాలంటే ఏం చేయాలో ఆ ఇంట్లో పిల్లకి ఒకరు చెప్పాలా? అద్దం అంచున ఒక కన్ను కనిపిస్తోంది. మేడమ్ కాగితం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం అయింది. రెండయ్యాయి. పెద్ద మేడమ్ చూస్తోందన్న సంగతి కూడా ఆవిడ మరిచిపోయింది. ఈసారి పిల్లలెవరూ గోల చేయలేదు.

అప్పుడు ఫోన్‌లో సన్నగా, గుసగుసగా ఒక గొంతు వినిపించింది.

"నత్తకి... తొం... దర... లేదు."

దర్జీగారి చేతిలోంచి చొక్కా జారింది.

"తిప్పండి మేడమ్" అంది ఆ పిల్ల. "మెల్లగా మాట్లాడుతున్నానని ఏమనుకోకండి. మంచమ్మీద తమ్ముడు పడుకున్నాడు. లేస్తే అమ్మ పని చేసుకోలేదు."

అదన్నమాట సంగతి. రెండుసార్లు ఆ పిల్ల పలకలేదని తను నొచ్చుకుంటే, అది తమ్ముడి నిద్ర కాపలా కాస్తోంది. మేడమ్ పేజీ తిప్పింది. కన్నీళ్ళు జారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పదిహేడో గడిలో ఇప్పుడు కుర్చీ ఒక్కటే ఉంది. పెద్ద మేడమ్ లేచి వెళ్ళిపోయింది. పోనీలే అనుకుంది పుస్తకాల మేడమ్. ఈ ఒక్క కథ అయినా పూర్తిగా చదువుదాం అనుకుంది. తమ్ముడు లేవకుండా అందరూ గుసగుసగానే చదివారు. ప్రశ్నల పుట్ట కూడా గొంతు తగ్గించాడంటే మీరు నమ్మాలి. నత్తకి గొడుగు దొరికింది. కప్ప దాన్ని తలకిందులుగా పెట్టుకుని స్నానం చేస్తోంది.

ఆఖరి కాగితం ఎత్తేటప్పటికి ఎందుకో మేడమ్ చూపు పదిహేడో గడి మీద పడింది. కుర్చీ ఖాళీగా లేదు. అందులో ఒక నెరిసిన కొప్పు, దానికి గుచ్చిన రెండు పిన్నులు, భుజం మీదుగా కనబడుతున్న, బాత్‌రూమ్ గోడ మీంచి మేకుతో సహా ఊడబీకి తెచ్చిన ఒక అద్దం.

"తిప్పండి మేడమ్" అంది మంచం కింది పిల్ల.

"అయిపోయింది తల్లీ, ఇదే ఆఖరిది."

ఆ పిల్ల కాసేపు ఆలోచించుకుంది. మేడమ్ ఆగింది.

"అయితే మొదట్నుంచి తిప్పండి" అంది.

నెరిసిన కొప్పు కూడా కదల్లేదు. మేడమ్ మొదటి కాగితం తీసింది.