మధ్యాహ్నం మూసిన పిండిమిషను

మాధవయ్య జొన్నపిండి డబ్బాకు మూత పెట్టి మిషను ఆపాడు. బెల్టు ఇంకాసేపు తిరిగి నిలిచింది. కనుబొమల మీద, చెవుల అంచున, ముంజేతుల వెంట్రుకల్లో తెల్లటి పిండి. ఒకప్పుడు తెల్ల పంచె కట్టేవాడు. నిరుడు కర్నూలులో ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినప్పటి నుంచి ముదురు రంగు లుంగీలే, మూత్రం తడి కనపడదని. ఆ తడి ఈ మధ్య దాదాపు ఆగిపోయింది. లుంగీలు మాత్రం మారలేదు. పడక కూడా మిషను గదిలోనే, గోధుమ మూటల పక్కన బల్ల మీద. మాటిమాటికీ లేస్తే నీ నిద్ర చెడుతుందని భార్య సీతాలక్ష్మికి చెప్పాడు. అసలు సంగతి చెప్పలేదు.

"బస్సు పోతాది," అంది ఆమె గడపలో నిలబడి. షట్టరు దించి బయలుదేరారు.

నంద్యాలలో డాక్టరు రాజరత్నం రక్తపరీక్ష చూసి అంతా బాగుందన్నాడు. ఎప్పుడూ ఆ మాటతో లేచి వచ్చేసేవాడు మాధవయ్య. ఈసారి సీతాలక్ష్మి మందుల కోసం బయటికి నడిచాక కూడా కుర్చీలోనే ఉండిపోయాడు.

"సార్, మొగతనం ఇంగ రాదా?"

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "నరాలు కోలుకోవడానికి రెండేళ్లయినా పట్టొచ్చు. మాత్రలున్నాయి, మీ గుండె సంగతి చూసి రాస్తాను. పంపు లాంటి పరికరాలూ ఉన్నాయి. మునుపటంత రాకపోవచ్చు. వీర్యం రాదు. సుఖం మాత్రం తెలుస్తుంది. ఆమెతో మాట్లాడారా?"

"ఏమని చెప్పాల సార్?"

"నాతో చెప్పినట్టే."

తిరుగు బస్సు సిరివెళ్ల దాటింది. మాధవయ్య కిటికీ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "నేను ఆడ పడుకునేది నీ నిద్ర కోసరం కాదు." తక్కినదంతా ఇంజను చప్పుడులో సగం మింగుతూ చెప్పాడు.

సీతాలక్ష్మి ఒళ్లోని మందుల సంచి ముడి విప్పి మళ్లీ వేసింది. "ముసిల్దాన్నయినానని నా మీద రోత పుట్టిందేమో అనుకుంటి," అంది.

అతను గిరుక్కున తిరిగాడు. ఏడాదిగా తన సిగ్గు ఒక్కటే ఆ ఇంట్లో ఉందనుకున్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పెండ్లయిన కొత్తలో కరెంటు పోతే యాడుండేవాడివి నువ్వు?"

మిషను ఆగిన మరుక్షణం లోపలికి వచ్చేవాడు. ఒకరోజు అత్తగారు కోడలి వీపు చూసి, నవ్వు దాచుకుంటూ పెరట్లోకి వెళ్లింది. నీలం జాకెట్టు మీద తెల్లగా ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

"నాలుగు దినాలు ఆమె ముందర తల ఎత్తలేకపోతి," అంది సీతాలక్ష్మి. ఇద్దరూ నవ్వుతుంటే ముందు సీటువాళ్లు తిరిగి చూశారు.

నవ్వు ఆగాక అతను అడిగాడు. "మాత్రలేసుకున్నా పని కాకుంటే?"

"కాకుంటే పక్కన పడుకో. ఈపుకు వెచ్చగుంటాది."

ఆళ్లగడ్డలో దిగేసరికి ఎండ నడినెత్తి దాటింది. మాధవయ్య షట్టరు ఎత్తలేదు. పక్క సందులోంచి ఇంట్లోకి వెళ్లి, బల్ల మీది దిండు తెచ్చుకుని ఆమె పక్కన పడుకున్నాడు. ఏమీ తొందరపడలేదు. ఆమె జుట్టులో కొబ్బరినూనె వాసన అప్పటిదే.

వెనక వీధి సారమ్మ పిండి పట్టించుకోను రాగుల డబ్బా తెచ్చి షట్టరు తట్టింది. "మాధవయ్యన్నా, యాడికి పోతివి? కరెంటుండాదే."

లేవబోయిన అతని చేతిని సీతాలక్ష్మి పట్టుకుంది. సారమ్మ ఇంకోసారి పిలిచి, డబ్బా అక్కడే పెట్టి విసుక్కుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా ఆ రాగుల డబ్బా షట్టరు ముందు ఎండలోనే ఉంది.