ఎంతలో సైకిలు?

ప్యాంటు అంచు మడిచి మిషను తొక్కుతూనే ఆమె కిటికీలోంచి ఎదురు వరసలోని సైకిళ్ల షాపు వైపు మరోసారి చూసింది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ ఇదే తంతు.

రెడీమేడ్ బట్టల కొట్టు పక్క గదిలో ఆమెది సైజులు సరిచేసే పని. పొట్టి మనిషి. సన్నటి మెడ, వంగీ వంగీ ముందుకొచ్చిన భుజాలు, చూపుడువేలి కొసన కాయ కాసిన చర్మం. మిగతావాళ్లకు మోటారు మిషన్లొచ్చినా ఆమె కాలిమిషను వదల్లేదు. అమ్మ మంచాన పడటంతో కుదరబోయిన పెళ్లి కాస్తా తప్పిపోయింది. అమ్మ పోయాక అన్న పిల్లలు, వాళ్ల చదువులు. అందరి అవసరాలూ అడక్కుండానే చూసిపెట్టిన మనిషి, తనకోసం ఒక్క వస్తువు కొనడానికి వారం రోజులుగా నిద్ర పట్టక దొర్లుతోంది.

కావలసింది హైబ్రిడ్ సైకిలు. తారు రోడ్డు మీదా, మట్టిబాట మీదా పోయే రకం. గేర్లు లేనిది పన్నెండు వేలు. గేర్లున్నది ఇరవై ఎనిమిది.

"ఇంటి నుంచి కొట్టుకేగా! చవకది చాలు. యాభై దాటాక పందేలకెళ్తావా ఏంటి?" అన్నాడు అన్న.

నవ్వుతూనే అన్నాడు. అందులో తప్పూ లేదు. ఆదివారాలు కుట్టి దాచుకున్న డబ్బు చేతిలోనే ఉంది. అయినా ఇరవై ఎనిమిది అనుకోగానే తనకింత అవసరమా అనిపిస్తోంది. పన్నెండు అనుకుంటే ఎందుకో ఏడుపొస్తోంది.

ఆమె మళ్లీ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఏంటమ్మా, కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"సైకిలు ఎంతలో తీసుకోవాలో తేలట్లేదు మాస్టారూ."

"ఇన్నేళ్లూ తొక్కుతూనే ఉన్నావు, ఈ గది దాటింది లేదు. ఇప్పుడెక్కడికి?"

గదంతా నవ్వింది. ఆమే ముందు నవ్వింది. కూర్చున్నాక మాత్రం చాలాసేపు పెడలు మీద కాలు ఆనలేదు.

మధ్యాహ్నం అన్నం సగంలో వదిలి సైకిళ్ల షాపుకెళ్లింది. షాపాయన చేతుల గ్రీజు తుడుచుకుంటూ అడిగాడు.

"రోజూ చూసి పోతున్నారు. ఇంతకీ ఎక్కడికెళ్లాలమ్మా?"

"కొండ అవతలికి."

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట నోరు జారి వచ్చేసింది. అవతల మిల్లు క్వార్టర్లలో చెల్లెలు ఒంటరిగా ఉంది. "వచ్చేవారం తీసుకెళ్తాలే" అని అన్న అంటూనే ఉన్నాడు. ఆ వచ్చేవారం ఎప్పుడూ రాలేదు.

"అయితే గేర్లుండాల్సిందే. లేకపోతే ఆ కొండ చడావు ఎక్కలేక దిగి నెట్టుకుపోవాలి."

"కొండ ఎక్కకపోతే?"

"చవకది చాలు."

ఆమె చవకదాని హ్యాండిలు పట్టుకుంది. వదిలేసి, సంచీలోంచి డబ్బు తీసింది.

సాయంత్రం కొట్టులోంచి వదినకు ఫోన్ చేసింది.

"వదినా, రాత్రికి నాకు వండకు."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. చెల్లి దగ్గరికెళ్తున్నా."

"ఒక్కదానివా? ఎప్పుడొస్తావు?"

"ఏమో వదినా. ముందు వెళ్లనీ."

మధ్యాహ్నమే కొనుక్కున్న కొత్త బూట్లు తొడుక్కుని సైకిలెక్కింది. మొదట కాస్త తూలింది. ఎప్పుడో చిన్నప్పుడు నేర్చిన తొక్కుడు కాళ్లకు గుర్తొచ్చింది. ఇంటి సందు మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె తిరగలేదు.

మర్నాడు కొట్టుకు రాలేదు. తర్వాత కూడా రాలేదు. చెల్లెలి దగ్గరే ఉంటానని, అక్కడే కుట్టుపని దొరికిందని మాస్టరుకు కబురంపింది. కొత్త మనిషికి చోటు చేయడానికి కాలిమిషను పక్కకు జరిపారు. దాని కింద ఆమె పాత చెప్పులున్నాయి. తెగిన పట్టీకి నల్లదారంతో దగ్గరదగ్గరగా వేసిన కుట్లు, మడమల చోట అరిగి పడ్డ రెండు గుంతలు.