మడిచి గీసిన గోడ

గండయ్య గాజుబల్ల కింద లైటు వేసి, తాను గోడ బొమ్మలు గీసిన పారదర్శక ప్లాస్టిక్ షీట్లను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఉగాదికి ముందరి పడమటి గోడ, వానలు మొదలయ్యాక అదే గోడ, మొన్నటి గోడ. వెంట్రుకంత పగులుకు పసుపు, వేలు దూరేదానికి ఎరుపు. అన్నీ కలిపి చూస్తే గోడలో ఏదో వేరు పారుతున్నట్టుంది.

ఇల్లు సైదమ్మది. గొర్లను అమ్మిన పైసలతో నల్లగొండ శివారులో కట్టుకున్నది. పక్క జాగాలో సెల్లారు కోసం లోతుగా తవ్వేసరికి పడమటి గోడ నెర్రెలిచ్చింది. కేసు నడుస్తోంది. నష్టాన్ని పేజీల కొద్దీ రాస్తే చదివేలోగా వాయిదా పడుతుందనీ, బొమ్మ గీసి చూపిస్తే ఒక్క చూపుకే అర్థమవుతుందనీ వకీలు మురళీమోహన్ నమ్మకం. గండయ్యను పెట్టుకున్నది అందుకే.

సన్నటి మనిషి. ఏళ్ల తరబడి వంగి గీయడం వల్ల మెడ ఎడమకు ఒరిగిపోయింది. గోళ్ల కింద రంగు ఎన్నడూ పోదు. మోత్కూరు దగ్గర మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి, సగం జీవితం గళ్ల కాగితం మీద చీరల డిజైన్లు గీశాడు. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయింది. భార్య అంతకుముందే పోయింది. ఇప్పుడు వకీలు ఆఫీసు వెనక గదిలోనే వంట, పడక. కోర్టులో అందరికీ అతడు బొమ్మలాయన. పేరు అడిగినవాళ్లు లేరు.

మురళీమోహన్ వచ్చి, మర్నాటి వాయిదాకు సిద్ధమైన పెద్ద చార్టును చూస్తూ ఆగిపోయాడు.

"గండయ్యా, తూర్పు గోడ మంచిగనే ఉన్నది గద. దానికి పగుళ్లెందుకు పెట్టినవ్?"

గండయ్య చూశాడు. పడమటి గోడ మీది పగులే, అద్దంలో చూసినట్టు తిరగబడి, తూర్పు గోడ మీద ఉంది.

"చీర లెక్క గీసిన సార్," అన్నాడు మెల్లగా.

చీరకైతే డిజైను సగమే గీసి, కాగితం మడిచి రెండో సగం అద్దుకునేవాడు. మనసు ఎక్కడో ఉండగా చెయ్యి మడిచేసింది. అవతలి వకీలు ఈ ఒక్కటి పట్టుకున్నాడంటే మిగతాదంతా కల్పితమేనంటాడని మురళీమోహన్ విసుక్కున్నాడు. చెరిపేయమని చెప్పి వెళ్లిపోయాడు.

గండయ్య బ్లేడు తీసి గీత మీద ఆనించాడు. చెయ్యి కదలలేదు. తూర్పు గోడ గట్టిదని సైదమ్మ మంచం దాని పక్కకే జరుపుకుంది. అదీగాక, అతడు మడిచిన కాగితంలో రెండో సగం ఎన్నడూ తప్పు రాలేదు.

మధ్యాహ్నం ఎండలో ఆటో దిగి వెళ్లేసరికి సైదమ్మ ఆ మంచం మీదే కూర్చుని అనుములు ఒలుస్తోంది. చార్టులో తప్పుగా పడిన పగులును దించుకొచ్చిన షీటును గండయ్య తూర్పు గోడకు ఆనించాడు. సున్నం నున్నగా ఉంది. అరచేత్తో తడిమాడు. నెర్రె ఎక్కడా తగల్లేదు. షీటు తీయబోతుండగా చీమలు కనిపించాయి. గోడలోపలి నుంచి గుడ్లు మోసుకుంటూ వస్తున్నాయి. అతడు గీసిన ఎర్ర గీత ఎక్కడ వంకర తిరిగితే అక్కడే తిరుగుతూ, వరస తప్పకుండా నడుస్తున్నాయి.

"అక్కా, మంచం బయటేస్కుందాం పా."

"గా గోడ పగిలిందనే గీ గోడకొస్తి. గిది గూడ వద్దంటే ఏడ పండాలె తమ్మీ, నీ చార్టుల పండాల్నా?"

"నేను తప్పు గీసిన. గది తప్పు గాదనిపిస్తాంది."

సైదమ్మ అతని మొహం చూసి, ఒళ్లోని అనుములు చాటలో పోసి లేచింది. ఇద్దరూ కలిసి మంచాన్ని వేపచెట్టు కిందికి మోశారు. బియ్యం డబ్బా, బట్టల మూట కూడా తెచ్చేశారు. అతడు దూప అయితున్నదంటే గ్లాసుతో నీళ్లిచ్చింది. షీటు తీసుకొస్తానని గ్లాసు పట్టుకునే లోపలికి పోయాడు.

ఎంతకూ రాకపోతే గడప దగ్గరికి వెళ్లి పిలిచింది. గండయ్య కింద కూర్చుని, చెవి గోడకు ఆనించి ఉన్నాడు. లోపల ఎవరో చెబుతున్నది వింటున్నట్టుంది మొహం. తమ్మీ అని మళ్లీ పిలిచి భుజం తట్టింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

గుండె ఆగిందన్నారు దవాఖానలో. సాయంత్రం సైదమ్మ ఒక్కతే తిరిగొచ్చి గడప బయటే నిలబడింది. పక్క గుంతలో తవ్వే మిషను ఎప్పుడో ఆగిపోయింది. రోడ్డు మీద బండ్ల చప్పుడు కూడా లేదు. చీకటి పడుతున్న గదిలో, తూర్పు గోడ మొదట్లో, అతడు తాగకుండా పెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి.