నలభై మైళ్ళ వణుకు

మున్నేరు పొంగి కీసర దగ్గర రోడ్డు మీదికెక్కిన ఏడు అది. నందిగామ సోడాల భవానీప్రసాద్ పికప్ వ్యాను ఆ వరదలో చిక్కింది. ముందు కుడి చక్రం బురదలో కూరుకుపోయింది కాబట్టి కొట్టుకుపోకుండా నిలిచింది. నీళ్ళు తీశాక ప్రసాద్ తల్లి దుర్గాంబ ఆ చక్రానికి దణ్ణం పెట్టింది.

"గంగమ్మ చేత్తో పట్టుకున్న చక్రం. ఆ మట్టి ఎవరూ ముట్టుకోవద్దు" అంది.

చక్రం రేకు గుంటలో ఓ పక్కగా అతుక్కున్న నల్లరేగడి ఎండి రాయయింది. శుక్రవారం శుక్రవారం ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. డ్రైవరు నాగూర్ బాషా బండంతా కడిగినా అక్కడ మాత్రం గుడ్డ తగలనిచ్చేవాడు కాదు.

ఆ నెలలోనే అతనికి కష్టం మొదలైంది. జగ్గయ్యపేటకి సోడాలు వేసుకుని పెద్దరోడ్డెక్కి నలభై మైళ్ళ వేగం అందుకోగానే స్టీరింగు గడగడలాడేది. వెనక సీసాల్లో గోలీలన్నీ జాతర చేసేవి. ముప్పైకి దిగితే ఏమీ లేదు.

ప్రసాద్ తనే తోలి చూశాడు. ఆయనకి పదిహేను దాటించడం రాదు. బండి ఉయ్యాలలా నడిచింది.

"బండి వణకట్లేదు బాషా. నువ్వే వణుకుతున్నావు."

"నేనాండి?"

"వయసు మీదపడింది. జ్ఞానయ్య దగ్గర మందు తిను. ఆదివారానికి తగ్గకపోతే తాళం ఇక్కడ పెట్టి వెళ్ళు."

తొమ్మిదేళ్ళుగా ఆ తాళం బాషా నడుముకే వేలాడుతోంది. అది తీస్తే నడుం నిలుస్తుందో లేదో అతనికి తెలియదు.

కాంపౌండరు జ్ఞానయ్య నాలుక చూశాడు, చెయ్యి చూశాడు. "వణకట్లేదే?"

"నలభైలో వణుకుతానండి."

"నలభై నీకెప్పుడో దాటింది కదయ్యా!"

"ఏళ్ళు కాదండి, మైళ్ళు."

జ్ఞానయ్య ఊరికే వదిలే మనిషి కాదు. బండెక్కి బాషా మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. చిల్లకల్లు దారిలో నలభై అందింది. బాషా చెయ్యి వణికింది. దాన్ని పట్టుకున్న జ్ఞానయ్య చెయ్యీ వణికింది. కళ్ళజోడు ముక్కు మీంచి జారింది.

"ఓర్నాయనో, అంటుకునే రకం!" అని ఇద్దరికీ మాత్రలు కట్టాడు.

రెండు రోజులు మింగారు. మూడోనాడు బాషా, టైర్లు సమంగా అరగాలని ఎప్పుడూ చేసే పనే, ముందు చక్రం వెనక్కి, వెనకది ముందుకి మార్చాడు. జ్ఞానయ్య మళ్ళీ ఎక్కాడు. నలభైలో స్టీరింగు గమ్మునుంది. సీటు మాత్రం ఊగింది.

"చూశావా నా మందు! చేతుల్లో జబ్బు నడుములోకి దిగింది. ఇంకో రెండు మాత్రలేస్తే కాళ్ళలోంచి నేల్లోకి పోద్ది."

చక్రం వెనక్కి పోయింది, వణుకూ వెనక్కి పోయింది. ఆ సంగతే నములుతూ బాషా ఇంటికొచ్చాడు.

శనివారం పొద్దున చక్రం మళ్ళీ ముందుకి తెచ్చి, జాకీ ఎత్తి తిప్పి వదిలాడు. ఎన్నిసార్లు తిప్పినా పసుపు మట్టే కిందికొచ్చి ఆగింది. వెళ్ళి దుర్గాంబ ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, గంగమ్మ బరువుగా ఉందండి. కాస్త గీకుతా."

"నిన్నూ బండినీ గట్టెక్కించిన తల్లిని గీకుతావా? నీ చెయ్యి వణకదూ?"

"అదే కదండీ గొడవ."

గీకలేదు. కీసర వెళ్ళి మున్నేటి మట్టి బొచ్చెడు తెచ్చాడు. తరిగిన గడ్డి కలిపి తొక్కి, అదే చక్రం రేకులో గంగమ్మకి సరిగ్గా ఎదురు పక్క, చక్రం ఎక్కడ వదిలితే అక్కడ ఆగేదాకా కొంచెం కొంచెం మెత్తి ఎండబెట్టాడు.

దుర్గాంబ వచ్చి చూసింది. "ఇదెవరు?"

"తోడండి. ఆ తల్లి ఒక్కతే ఉందని."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, దానికీ పసుపు రాసింది.

ఆదివారం ప్రసాద్ వచ్చి బాషా పక్కన కూర్చున్నాడు. నలభై. నలభై అయిదు. వెనక గోలీలు నిద్రపోయాయి.

"తగ్గిపోయింది బాషా! మాత్రల మహిమ. ఒక్కపూట మానావా, తాళం నాకిచ్చెయ్యాల్సిందే."

"అలాగేనండి."

సాయంత్రం చూస్తే తోడు మట్టి పగుళ్ళిచ్చి, చిటికెడు రాలింది. మర్నాడు పొద్దున్నే బాషా మాత్రలు రాతి మీద నూరి, తడిపి, చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

అరుగు మీంచి ప్రసాద్ కేకేశాడు. "మాత్రలు వేశావా బాషా?"

"వేశానండి" అంటూ పగుల్లో ఆఖరి పిసరు అదిమి, వేలు లుంగీకి తుడుచుకుని బండెక్కాడు.